చేతులు వెచ్చబడేదాకా

చల్లటి వేళ్ళు అబద్ధం చెబుతాయి,
అందుకే ముందు గోరువెచ్చని నీళ్ళ గిన్నె.
టాంటా ఆసుపత్రి మూడో అంతస్తులో
పద్దెనిమిదేళ్ళుగా నా మొదటి పని ఇదే:
వచ్చినవాళ్ళ చేతులు వెచ్చబెట్టడం.

ఇన్సాఫ్ చేతులు ఓ పట్టాన వెచ్చబడవు.
గోళ్ళ కింద నీలం, కణుపుల దగ్గర పసరు మరక.
రాత్రంతా అత్తరు కార్ఖానాకి జాజులు కోసి
తెల్లారి మొదటి మినీబస్సెక్కి వచ్చింది,
నల్ల గౌను అంచుకి ఇంకా బురద.
చెంపల మీది ఎర్రటి రెక్కలు రెండూ
ఈ మధ్య కాస్త సద్దుమణిగాయట.
"ఎండ నాకు పడదు, చీకటి పడుతుంది," అంది నవ్వి.
"దేవుడు రోగమిచ్చి, దానికి తగ్గ కూలీ ఇచ్చాడు."

మా భాషలో ఆ రోగం పేరు ఎర్ర తోడేలు.
ఆమె కీళ్ళలో మూడేళ్ళు ఊళపెట్టింది,
కిడ్నీ దగ్గరొకసారి గుర్రుమని
మందులకి వెనక్కి తగ్గింది.

తిమ్మిర్లున్నాయా? లేవు.
మంటలు? లేవు.
సూదులతో పొడిచినట్టు, చీమలు పాకినట్టు?
"చీమ కుడితే తెలుస్తుందమ్మా నాకు.
తోటలో అవే కదా తోడు."
అన్ని గళ్ళలోనూ లేదు, లేదు, లేదు అని రాశాను.
డాక్టర్ షాహెందాకి కావలసింది ఇలాంటివాళ్ళే,
లూపస్ ఉండి, నరాల బాధేదీ లేదనేవాళ్ళు.
అరవైమంది కావాలి. ఈమె నలభై ఏడు.

మణికట్టు మీద జెల్లు, వేలికి ఉంగరంలా తీగ.
"చిన్న దెబ్బ. కదలకు."
బొటనవేలు తనంతట తాను ఎగిరింది.
పక్కింటి కోడిపిల్ల తన గడపలోకి దూకినట్టు
దాన్ని చూసింది ఇన్సాఫ్.

తెర మీద గీత లేచింది,
లేవాల్సిన చోట కాదు. కొంచెం అవతల.
చలివల్లేమోనని మళ్ళీ నీళ్ళలో పెట్టించాను.
మళ్ళీ కొట్టాను.
మళ్ళీ అవతలే.
పిక్క వెనకాల నరమైతే
లేచీ లేవనట్టు లేచి పడుకుంది.
చేతిది లెక్కగడితే సెకనుకి నలభై ఒక్క మీటర్లు.
యాభై ఉండాలి.

చాప కింద నీరు.
ఎన్నాళ్ళకి పైకి తడుస్తుందో,
అసలు తడుస్తుందో లేదో
నా యంత్రానికి తెలీదు.

ఫలితం చెప్పడం నా పని కాదు.
కానీ ఆమె నా మొహం చదివింది,
మొగ్గ విచ్చిందో లేదో చీకట్లో చదివే కళ్ళవి.
"ఎంత ఆలస్యం?"
ఓ కనురెప్ప పాటులో అలాంటివి ముప్పై పడతాయన్నాను.
"ఆ ఒక్కదాంట్లో ఎన్ని పూలు కోస్తాను?"
ఒక్కటీ కోయలేవు.
"మరింకేం."

టేపు పీకుతుంటే తనే అంది, గోడవైపు తిరిగి:
"పోయిన నెలనించీ కాటా దగ్గర అబూ రిజ్క్
కిలోకి రెండు పౌండ్లు తగ్గించి ఇస్తున్నాడు.
పువ్వుతోపాటు తొడిమ వస్తోందట, ఆకు వస్తోందట.
నుదుటి లైటు మసకబారిందనుకున్నా.
కొత్తది కొన్నా."

కాగితం నా చేతిలోనే ఉంది.
ఈ మాటకి అందులో గడి లేదు.
అంచున, పెన్సిలుతో, రాశాను.
ఎవరైనా చదువుతారో లేదో.

ఆరోగ్యవంతుల జాబితాలో, పోల్చి చూసుకోడానికి,
పదకొండో చెయ్యి నాది.
ఆమె వయసే నాకూ. యాభై ఆరు మీటర్లు.
ఆ చెయ్యి ఇవాళ రాత్రి రెండింటికి
దుప్పటి అంచు తడుముతూ మేలుకుని ఉంది:
ఊలు, కుట్టు, ఊడిన పోగు,
అన్నీ వేళకే వచ్చి చేరుతున్నాయి.

అక్కడ, కాలువగట్టు దిగువన,
కొత్త లైటు బాగానే వెలుగుతూ ఉంటుంది.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
చల్లటి తెల్లటి దాన్నొకదాన్ని ఆమె పట్టుకుంటుంది.
పట్టుకున్నానన్న కబురు
వేలికొసన బయల్దేరి
ఇంకా
దారిలో ఉంటుంది.